కొత్త ఆర్కిడ్ దొరికిందా? జాతిని వర్ణించి పేరు పెట్టడం ఎలా

చెట్టు కొమ్మ మీద పూసిన ఆర్కిడ్ ఫొటో పంపి, "ఇది ఏ పుస్తకంలోనూ లేదు, కొత్త జాతేనా? పేరు పెట్టాలంటే ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం కంటే పద్ధతంతా ఒకచోట రాసిపెట్టడం మేలు. ఉష్ణమండల అడవుల్లో చెట్లను పట్టుకుని పెరిగే ఆర్కిడ్‌లను, అంటే వృక్షోపజీవులను, దృష్టిలో పెట్టుకుని రాశాను.

ముందే ఒక మాట. పువ్వును వర్ణించడం ఇందులో తేలికైన భాగం. దానికి ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టలేదని చూపించడమే అసలు కష్టం. ఆర్కిడ్ కుటుంబంలో సుమారు 28,000 జాతులున్నాయి, ఒక్క బల్బోఫిల్లం ప్రజాతి (జీనస్)లోనే 2,000 దాటాయి. వాడుకలో లేని పాత పేర్లు అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి మీ సమయంలో సగానికి పైగా పాత రికార్డులు వెతకడానికే పోతుంది. దానికి సిద్ధపడే దిగండి.

కావాల్సినవి

- సేకరణకు రాతపూర్వక అనుమతి. ఇది లేకపోతే మిగతా జాబితాతో పని లేదు.
- 10 రెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్స్, వీలైతే స్టీరియో మైక్రోస్కోప్
- సన్న మొన ఫోర్సెప్స్, సూదులు, కొత్త బ్లేడు
- డిజిటల్ కాలిపర్, లేదా అర మిల్లీమీటరు గీతలున్న స్కేలు
- మొక్కల ప్రెస్, పాత న్యూస్‌పేపర్లు, బ్లాటింగ్ పేపరు, పల్చటి టిష్యూ
- మూత గట్టిగా బిగిసే చిన్న సీసాలు, ఇథనాల్, కొద్దిగా గ్లిసరిన్
- సిలికా జెల్, జిప్ కవర్లు
- దగ్గరి ఫొటోలు తీయగల కెమెరా, వెనక పెట్టడానికి నల్లగుడ్డ
- జీపీఎస్, నోట్‌బుక్, పెన్సిల్. పెన్సిలే తీసుకోండి. పెన్ను ఇంకు స్పిరిట్‌లో (ఇథనాల్‌లో) కరిగిపోతుంది.
- నమూనా తీసుకుని భద్రపరచడానికి ఒప్పుకున్న హెర్బేరియం, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే సంస్థ. ప్రపంచ హెర్బేరియంల జాబితా అయిన ఇండెక్స్ హెర్బేరియోరంలో నమోదై, కోడ్ ఉన్నదైతే మంచిది.

1. అది నిజంగా వేరే జాతేనా, తేడా వచ్చిన పువ్వా?

మొదటి అనుమానం మీ మొక్క మీదే పెట్టుకోండి. ఆర్కిడ్‌లలో తెల్లరంగు పువ్వులు, లిప్ (మిగతావాటికి భిన్నంగా ఉండే ఆకర్షణ పత్రం) కూడా మామూలు ఆకర్షణ పత్రంలా మారిపోయిన పెలోరిక్ పువ్వులు, రెండు జాతులు కలిసి పుట్టిన హైబ్రిడ్‌లు తరచూ కనిపిస్తాయి. తొలిసారి పూసిన మొక్క పువ్వు చిన్నగా, ఆకారం సరిగా కుదరకుండా ఉండొచ్చు. నీడలో పెరిగిన మొక్కకు ఆకులు పొడవుగా సాగుతాయి. వీటిలో ఏ ఒక్కదాన్ని చూసీ కొత్త జాతి అనకండి.

సరిచూసుకునే తీరు సులువే. వేరువేరు చెట్ల మీద ఉన్న అలాంటి మొక్కల్ని వీలైనన్ని చూడండి. మీరు గుర్తించిన తేడా అన్నిట్లోనూ ఉందా? ఒకదానికొకటి సంబంధం లేని రెండు మూడు లక్షణాల్లో తేడా కనిపిస్తోందా? లిప్ ఆకారం, దాని మీది గట్లు, కాలమ్ (పువ్వు మధ్యలో కేసరం, కీలం కలిసిపోయిన స్తంభం) తీరు, ఇలాంటివన్నమాట. కేవలం రంగు తేడా అయితే అక్కడే ఆగిపోండి.

ఒకే ఒక్క మొక్క దొరికితే? రాయకూడదని నియమం లేదు, అలా వచ్చిన జాతులూ ఉన్నాయి. కానీ మరో పూల సీజన్ చూసి రాయండి, తొందర వద్దు.

2. పాత పేర్లన్నీ తిరగేయండి

ముందు ప్రజాతి తేల్చండి. పొలీనియా, అంటే పుప్పొడి ముద్దలు, ఎన్నున్నాయో లెక్కపెడితే చాలా దారి తేలుతుంది. డెండ్రోబియంలో మామూలుగా నాలుగు, ఎరియాలో ఎనిమిది, వాండాలో రెండు ఉంటాయి. ఆ తర్వాత ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో ఆ ప్రజాతి జాబితా తెరిచి, మీ ప్రాంతంతో పాటు చుట్టుపక్కల దేశాల జాతులన్నీ రాసుకోండి. పర్యాయనామాలను, అంటే ఒకే జాతికి ఉన్న వాడుకలో లేని ఇతర పేర్లను, వదిలేయకండి. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎప్పుడో వేరే జాతిలో కలిపేసిన పాత పేరే మీ మొక్కకు సరైన పేరు కావచ్చు. అప్పుడు మీరు చేయాల్సింది కొత్త పేరు పెట్టడం కాదు, ఆ పేరును మళ్లీ వాడుకలోకి తేవడం.

ప్రతి పేరుకూ తొలి వర్ణన చదవాలి. పాతవి చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. 1935 నుంచి 2011 చివరి దాకా వచ్చిన కొత్త పేర్లకు లాటిన్ వర్ణనో, లాటిన్ డయాగ్నోసిసో (దగ్గరి జాతులతో తేడాలు చెప్పే చిన్న భాగం) తప్పనిసరి, కాబట్టి కొద్దిపాటి లాటిన్ మాటలు నేర్చుకోక తప్పదు. భయపడకండి, వర్ణనల్లో తిరిగి తిరిగి వచ్చేవి అవే మాటలు. చదివాక టైప్ నమూనా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనా, ఫొటో చూడండి. ఫొటో చాలకపోతే హెర్బేరియంకు రాసి, పువ్వు దగ్గరి ఫొటో అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది పంపుతారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆర్కిడ్‌ల చరిత్ర అలాంటిది. 19వ శతాబ్దంలో ఆర్కిడ్‌ల మీద పెద్ద అధికారి హైన్‌రిచ్ గుస్తాఫ్ రైఖెన్‌బాఖ్ 1889లో చనిపోతూ, తన హెర్బేరియాన్ని వియన్నాకు రాసిచ్చి, 25 ఏళ్లు తెరవకూడదని షరతు పెట్టాడు. ఆ పాతికేళ్లూ మిగతావాళ్లు ఆయన నమూనాలు చూడకుండానే పేర్లు పెట్టారు. ఒకే మొక్కకు రెండేసి పేర్లు రాక ఏమవుతుంది? ఇక న్యూగినీ ఆర్కిడ్‌లను వందలకొద్దీ వర్ణించిన రుడాల్ఫ్ ష్లెక్టర్ సేకరణ 1943 మార్చిలో బెర్లిన్ మీద పడ్డ బాంబుల్లో కాలిపోయింది. ఆ జాతుల్లో చాలావాటికి ఇప్పుడు డూప్లికేట్ నమూనాలో, బొమ్మలో, వర్ణనలో మాత్రమే ఆధారం. మీ మొక్క న్యూగినీ వైపుదైతే ఈ చిక్కు తప్పదు.

3. అనుమతులు

అడవి ఎవరి అధీనంలో ఉందో వాళ్ల అనుమతి, జీవవైవిధ్య చట్టం కింద అవసరమైన అనుమతి, నమూనాలు దేశం దాటితే సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ జాబితాల్లో ఉంది. నమోదైన శాస్త్రీయ సంస్థల మధ్య హెర్బేరియం నమూనాల మార్పిడికి సడలింపు ఉంది. అది సంస్థలకే, మీ బ్యాగులో పట్టుకెళ్లే ఎండు పువ్వుకు కాదు.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ఫ్రాగ్మిపీడియం కోవాచీ అనే ఆర్కిడ్ చూపించింది. పెరూ నుంచి పత్రాలు లేకుండా అమెరికా చేరిన మొక్క ఆధారంగా 2002లో హడావుడిగా ప్రచురించారు. పేరైతే నిలిచింది, కానీ వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. ఇప్పుడు చాలా పత్రికలు పర్మిట్ నంబరు అడుగుతున్నాయి.

4. మొక్క బతికుండగా రాసుకోవాల్సినవి

ఎండిన తర్వాత రంగు పోతుంది, వాసన పోతుంది, లిప్ మీది మెరుపు పోతుంది, పువ్వు ఎటు తిరిగి ఉందో తెలియదు. అందుకే ఇవన్నీ అక్కడే, చెట్టు కిందే రాయండి:

- ఎంత ఎత్తున పెరుగుతోంది, కాండం మీదా, సన్న కొమ్మ మీదా, ఏ చెట్టు, నాచు ఉందా, ఎండ ఎంత
- మొక్క నిటారుగా ఉందా, వేలాడుతోందా. సూడోబల్బులు (నీరు నిల్వచేసే ఉబ్బిన కాండాలు) దగ్గరగా ఉన్నాయా, పాకే కాండం మీద దూరం దూరంగా ఉన్నాయా
- లిప్ కిందికి ఉందా, పైకా. చాలా ఆర్కిడ్‌లలో మొగ్గ 180 డిగ్రీలు మెలి తిరిగి లిప్ కిందికి వస్తుంది. తిరగనివీ ఉన్నాయి, అది ముఖ్యమైన లక్షణం.
- ఒక్కో భాగం రంగు, లోపలా బయటా విడివిడిగా
- వాసన, అది ఏ వేళప్పుడు వస్తోంది
- పువ్వు విచ్చుకునే సమయం

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. న్యూగినీ పక్కనున్న న్యూ బ్రిటన్ దీవి నుంచి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు తెచ్చి పెంచిన ఒక బల్బోఫిల్లం మొగ్గలు విచ్చుకోకుండానే వాడిపోతున్నట్టు కనిపించేవి. పెంచుతున్న శాస్త్రవేత్త మొక్కను ఇంటికి తీసుకెళ్లి కాపలా కాస్తే, పువ్వు రాత్రి పది ప్రాంతంలో విచ్చుకుని, మర్నాడు పొద్దున ముడుచుకుంటోందని తేలింది. 2011లో దానికి బల్బోఫిల్లం నాక్టర్నం అని పేరు పెట్టారు. మీ మొక్క మొగ్గలు "పాడైపోతున్నాయి" అనిపిస్తే ఒక రాత్రి మేలుకుని చూడండి.

ఫొటోలు: మొక్క మొత్తం, పూలగుత్తి, పువ్వు ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి. ప్రతి ఫ్రేములో స్కేలు ఉండాలి.

5. నమూనా తయారీ

ఈ దశ చెడితే తర్వాత ఎంత బాగా రాసినా లాభం లేదు. పేరు నిలబడేది నమూనా మీదే. ఆ నమూనాను హోలోటైప్ అంటారు. బతికున్న మొక్క హోలోటైప్ కాదు, కుండీలో పెంచుకుంటే సరిపోదు. ఫొటో కూడా కుదరదు.

ఎండబెట్టడం: ఆర్కిడ్‌లకు చావు త్వరగా రాదు. దళసరి ఆకులు, సూడోబల్బులు ప్రెస్‌లో కూడా వారాల తరబడి పచ్చిగానే ఉంటాయి, ఈలోగా బూజు పడుతుంది, ఆకులు రాలిపోతాయి. అందుకని పూలు పక్కన తీసిపెట్టి, ఆకులు, సూడోబల్బుల్ని మరిగే నీటిలో కొన్ని సెకన్లు ముంచి తీయండి. లావు సూడోబల్బును నిలువునా చీల్చండి, చీల్చనిది ఒకటైనా ఉంచండి. పూలను విడిగా, ఒక్కో దాన్ని పల్చటి టిష్యూ మడతలో పరిచి పెట్టండి. న్యూస్‌పేపరు మీద నేరుగా పెడితే అతుక్కుపోతాయి. కాగితాలు మొదటి రోజుల్లో రోజూ మార్చండి. డ్రయ్యర్ ఉంటే 50 నుంచి 60 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎక్కువ పెడితే పూలు నల్లబడి పొడి అవుతాయి.

స్పిరిట్: ప్రతి సేకరణ నుంచి రెండు మూడు పూలైనా స్పిరిట్‌లో వేయాలి. కోపెన్‌హాగన్ మిశ్రమం తేలిక: ఇథనాల్ 70 భాగాలు, నీరు 28, గ్లిసరిన్ 2. రంగు పోతుంది గానీ ఆకారం ఉన్నదున్నట్టు నిలుస్తుంది. సేకరణ నంబరును పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసా లోపల వేయండి, బయటి లేబుల్ మీదే ఆధారపడకండి.

డీఎన్‌ఏ కోసం: ఆకు ముక్కను, లేదా ఒక పువ్వును, చిన్న ముక్కలుగా కోసి సిలికా జెల్‌లో పెట్టండి. దళసరి ఆకు పెద్ద ముక్కగా పెడితే లోపల కుళ్లిపోతుంది.

డూప్లికేట్లు: మొక్కల సంఖ్యకు దెబ్బ తగలకుండా ఎన్ని వీలైతే అన్ని. అవి ఐసోటైపులై వేరువేరు హెర్బేరియంలలో ఉంటాయి. బెర్లిన్ సంగతి పైన చెప్పాను కదా. మొక్కలు తక్కువగా ఉంటే మొత్తం పీకకండి, ఒక కొమ్మ ముక్క, ఒక పూలగుత్తి చాలు.

ఒక పెద్ద పొరపాటు: జూన్‌లో కోసిన పువ్వును, డిసెంబరులో కోసిన కాయను ఒకే షీటు మీద అతికించి హోలోటైప్ అనడం. ఒకే చోట, ఒకే సమయంలో చేసిన సేకరణ అయితేనే హోలోటైప్ అవుతుంది. ఒకే మొక్క నుంచి వచ్చినా సరే, రెండు తేదీలంటే రెండు సేకరణలు. కాయను విడిగా, వేరే నంబరుతో "ఇతర నమూనాలు" కింద చూపించండి. షీటు మీది మొక్క, సీసాలోని పువ్వు ఒకే సేకరణవైతే ఇబ్బంది లేదు. రెండిటి మీదా ఒకే నంబరుండాలి, అవి ఒకే నమూనా భాగాలని స్పష్టంగా రాయాలి.

6. కోయండి, కొలవండి, గీయండి

స్పిరిట్ పువ్వును నీళ్లలో కాసేపు నానబెట్టి, నల్లగుడ్డ మీద పెట్టి విడదీయండి. వరస ఇది: పై రక్షక పత్రం, రెండు పక్క రక్షక పత్రాలు, రెండు ఆకర్షణ పత్రాలు, లిప్, చివరికి అండాశయంతో కలిసి కాలమ్. కాలమ్ కొసన చిన్న టోపీలాంటి యాంథర్ క్యాప్ ఉంటుంది. సూది మొనతో దాని ముందు అంచును మెల్లగా పైకెత్తండి. గట్టిగా గుచ్చితే పొలీనియా ఎగిరిపోయి మళ్లీ దొరకవు. ఈ పనిని నీటి చుక్కలో చేస్తే అవి అక్కడే ఉండిపోతాయి.

స్పిరిట్ పువ్వు లేకపోతే ఎండు పువ్వును డిటర్జెంట్ చుక్క కలిపిన వేడినీటిలో మెత్తబడేదాకా ఉంచండి. దానికి ముందు హెర్బేరియం అనుమతి తీసుకోండి. వేరేవాళ్ల టైప్ పువ్వునైతే అసలు ముట్టుకోవద్దు.

కొలతలు వేరువేరు మొక్కల పూల నుంచి తీసి, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రాయండి. "లిప్ 6 మి.మీ." అని ఒకే అంకె రాస్తే చదివేవాళ్లకు ఒక్క పువ్వే కొలిచారని అర్థమైపోతుంది. తాజా పువ్వా, స్పిరిట్‌దా, ఎండుదా అన్నది తప్పక చెప్పండి, ఎండితే పరిమాణం తగ్గుతుంది. లిప్‌ను సహజంగా వంగినట్టు కొలిచారా, చదును చేసి కొలిచారా అన్నదీ రాయండి. రెండు అంకెలు చాలా దూరంగా ఉండొచ్చు.

బొమ్మకు రెండు దారులు. లైన్ డ్రాయింగ్ ఇప్పటికీ గట్టిది, ఫొటోలో నీడలో కలిసిపోయే గట్లు గీతలో తేలతాయి. గీయడం రాకపోతే భాగాలన్నిటి ఫొటోలను ఒకే పేజీలో, ఒక్కోదానికి స్కేలుతో అమర్చండి. కోస్టారికాలోని లాంకెస్టర్ బొటానికల్ గార్డెన్ ఈ తరహా పేజీలకు పేరుపడింది, వాటిని చూసి అమరిక నేర్చుకోవచ్చు.

7. డయాగ్నోసిస్

పొడవాటి వర్ణన కంటే దీనికే ఎక్కువ విలువ. అత్యంత దగ్గరి జాతి ఏది, దానికీ దీనికీ తేడా ఏమిటి, నాలుగైదు వరుసల్లో. ప్రతి తేడానూ జంటగా రాయండి: "లిప్ అంచు నున్నగా ఉంటుంది (అక్కడ వెంట్రుకలుంటాయి), కాలమ్ పళ్లు పొడవు, సూది మొన (అక్కడ పొట్టి, మొద్దు మొన)". "పెద్దది, అందమైనది, ముదురు రంగు" లాంటివి తేడాలు కావు.

పోల్చే జాతిని తప్పుగా ఎంచుకోవడం సమీక్షకులు ఎక్కువగా పట్టుకునే లోపం. ఫొటోలో ఒకేలా కనిపించేది కాదు, నిర్మాణంలో దగ్గరిది కావాలి. ఇద్దరు ముగ్గురు చుట్టాలుంటే పట్టిక వేయండి, గళ్లన్నీ నమూనాలు చూసి నింపండి.

డీఎన్‌ఏ సంగతి: మొక్కల పేర్ల అంతర్జాతీయ నియమావళి దాన్ని అడగదు. ఐటీఎస్, మాట్‌కే అనే డీఎన్‌ఏ భాగాల వరసలు ఉంటే మీ వాదన బలపడుతుంది. కానీ "డేటాబేస్‌లో దేనితోనూ కలవలేదు, కాబట్టి కొత్తది" అనకండి. చాలా జాతుల వరసలు అక్కడ లేనే లేవు.

సరిచూసుకోవాలంటే, ఫొటోలు లేకుండా డయాగ్నోసిస్ మాత్రమే ఒక మిత్రుడి చేతికిచ్చి, పేర్లు దాచిన మూడు సీసాల్లోంచి మీ జాతిని తీయమనండి. తడబడితే లోపం వాక్యాల్లో ఉంది, లేదా జాతిలోనే ఉంది.

8. పేరు

ప్రజాతి లింగంతో విశేషణం కలవాలి. డెండ్రోబియం, బల్బోఫిల్లం నపుంసకలింగం, కాబట్టి స్థలం పేరు "ఎన్సె"తో ముగుస్తుంది. వాండా, ఒబెరోనియా, సీలోజైన్ స్త్రీలింగం, అక్కడ "ఎన్సిస్". మనిషి పేరైతే సాధారణంగా పురుషుడికి "ఐ", స్త్రీకి "ఏ", ఒకరికంటే ఎక్కువమంది ఉంటే "ఓరం". ప్రజాతి పేరునే మళ్లీ జాతి పేరుగా పెట్టడం కుదరదు.

ఆ ప్రజాతిలో ఆ పేరు ఎప్పుడైనా ఎవరైనా వాడారేమో ఐపీఎన్ఐలో (మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచికలో) చూడండి. ఇప్పుడు చెల్లని పర్యాయనామమైనా సరే, ఒకసారి సక్రమంగా ప్రచురించి ఉంటే అది మీకు అందదు. తన పేరు తనకే పెట్టుకోవడానికి నిషేధం లేదు, నలుగురూ నవ్వుతారంతే. నా ఓటు మొక్క లక్షణాన్ని చెప్పే పేరుకే.

9. రాతప్రతి

వరస దాదాపు అన్ని పత్రికల్లో ఒకటే: పేరు, పక్కన "స్పీషీస్ నోవా" (లాటిన్‌లో కొత్త జాతి), టైప్ వివరం, డయాగ్నోసిస్, వర్ణన, పేరుకు కారణం, పూసే కాలం, నివాసం, విస్తరణ, సంరక్షణ స్థితి, ఇతర నమూనాలు, చర్చ. వర్ణన కింది నుంచి పైకి: వేర్లు, కాండం, ఆకు, పుష్పవిన్యాసం, పుష్పపుచ్ఛం, పువ్వు భాగాలు, కాయ.

చెల్లుబాటు కావాలంటే తప్పనిసరిగా ఉండాల్సినవి: లాటిన్ లేదా ఇంగ్లిష్‌లో వర్ణనో, డయాగ్నోసిసో, "హోలోటైప్" అనే మాట, అది ఏ హెర్బేరియంలో ఉందో. తెలుగులో ఎంత చక్కగా రాసినా ఆ వర్ణనతో పేరు చెల్లదు. ప్రచురణ కూడా అచ్చులో గానీ, ఐఎస్ఎస్ఎన్ లేదా ఐఎస్‌బీఎన్ ఉన్న ఆన్‌లైన్ పీడీఎఫ్‌గా గానీ రావాలి. ఈ ఆన్‌లైన్ వెసులుబాటు, ఇంగ్లిష్ వెసులుబాటు రెండూ 2012 జనవరి 1 నుంచి ఉన్నాయి. ఫేస్‌బుక్ పోస్టుతో పేరు పుట్టదు. పైగా ముందే పేరు బయటపెడితే గందరగోళం, ప్రచురణ దాకా నోరు కట్టుకోండి.

10. సంరక్షణ స్థితి, చిరునామా దాచడం

ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) కొలమానాలు వాడండి, అంచనా "ప్రాథమికం" అని రాయండి. ఒకే చోట దొరికింది కాబట్టి "తీవ్ర ప్రమాదంలో ఉంది" అనేయడం చాలా రాతప్రతుల్లో చూస్తాం. విస్తీర్ణం తక్కువైతే ఒక్కటే చాలదు, క్షీణత లాంటి ఇతర షరతులు కూడా తీరాలి. వెతికింది తక్కువైతే "సమాచారం చాలదు" అని రాయడంలో నామోషీ లేదు.

కచ్చితమైన జీపీఎస్ అంకెలు వ్యాసంలో వేయకండి. వియత్నాంలో దొరికి 2010లో పేరు పొందిన పాఫియోపీడిలం కన్హీని అడవిలోంచి వ్యాపారులు ఊడ్చేశారు. జిల్లా స్థాయి వరకు చెప్పి, పూర్తి అంకెలు హెర్బేరియం రికార్డుకు ఇవ్వండి. ఫొటో ఫైళ్లలో దాగి ఉండే లొకేషన్ సమాచారాన్నీ తీసేయండి, దాన్ని మర్చిపోతుంటారు.

11. పంపడం, ఆ తర్వాత

ఫైటోటాక్సా, ఫైటోకీస్, లాంకెస్టెరియానా లాంటివి ఇలాంటి వ్యాసాలు వేస్తాయి. డబ్బు తీసుకుని వారంలో సమీక్ష లేకుండా వేసేవాటి జోలికి పోకండి. పేరు చెల్లినా, తర్వాత దాన్ని సరిదిద్దే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. పంపే ముందు హోలోటైప్ నిజంగా హెర్బేరియం చేరిందా, యాక్సెషన్ నంబరు (హెర్బేరియం తన రికార్డులో ఇచ్చే నంబరు) వచ్చిందా చూసుకోండి. "త్వరలో జమ చేస్తాం" అని రాసి, ఆ తర్వాత మరిచిపోయిన నమూనాలు బోలెడు.

వ్యాసం వచ్చాక ఐపీఎన్ఐలో పేరు ఎక్కిందో లేదో కొన్ని వారాలకు చూడండి, లేకపోతే పీడీఎఫ్ జతచేసి వాళ్లకు రాయండి. డూప్లికేట్ల మీద "ఐసోటైప్" లేబుళ్లు అతికించి, వ్యాసం ప్రతితో పాటు ఆయా హెర్బేరియంలకు పంపండి. ఎప్పుడైనా ఎవరైనా పాత పేరొకటి చూపించి "ఇది అదే" అంటే, ఆ టైప్ చూసి నిజమని తేలితే మీరే ఒక చిన్న నోట్ రాసి మీ పేరును పర్యాయనామంగా చేర్చేయండి.